ఆపరేషన్ కోసం మన రక్తం మనమే ముందుగా దాచుకోవచ్చా?

మీ నాన్నగారికి వచ్చే నెల తుంటి మార్పిడి ఆపరేషన్ ఉందని, వేరేవాళ్ల రక్తం అంటే భయంగా ఉంది కాబట్టి ఆయన రక్తమే ముందుగా తీయించి దాచవచ్చా అని అడిగారు. దాచవచ్చు. అదే ఆపరేషన్‌కి నేను అదే పని చేశాను. కానీ రెండో తుంటికి చేయించుకోవాల్సి వస్తే మాత్రం ఈ పని చేయను.

అప్పుడు నా హిమోగ్లోబిన్ 13.2. కనీసం 11 ఉంటేనే తీస్తామని బ్లడ్ బ్యాంక్‌లో చెప్పారు. ఆపరేషన్‌కి నాలుగు వారాల ముందు ఒక యూనిట్ (అంటే ఒక సంచి రక్తం), రెండు వారాల ముందు ఇంకో యూనిట్ ఇచ్చాను. చివరిసారి తీసిన తర్వాత ఆపరేషన్‌కి కనీసం 72 గంటలు ఎడం ఉండాలట. రోజూ ఐరన్ మాత్రలు వేసుకున్నాను. వాటితో వచ్చిన మలబద్ధకం వేరే గొడవ.

తీరా ఆపరేషన్ రోజు పొద్దున పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 10.9 వచ్చింది. ఒక్కో యూనిట్‌తో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ ఒంట్లోంచి పోతుంది. అదంతా కొద్ది వారాల మాత్రలతో తిరిగి రాదు. మర్నాటికి 7.8కి పడిపోయింది. నా సంచుల్లో ఒకటి నాకే ఎక్కించారు. "చూశావా, దాచుకున్నది పనికొచ్చింది" అని ఇంట్లో అందరూ సంబరపడ్డారు. మత్తు ఇచ్చిన డాక్టర్‌గారు మాత్రం "ముందు తీయించుకోకపోయి ఉంటే, ఇప్పుడు ఎక్కించే పని ఉండేది కాదేమో" అన్నారు. ఆ మాటకి చిరాకేసింది. తర్వాత తీరిగ్గా లెక్క వేసుకుంటే ఆయన అన్నది నిజమే. 13తో టేబుల్ ఎక్కి ఉంటే, అదే రక్తం పోయినా 10 దగ్గర్లో ఆగేది.

రెండో సంచి పారేశారు. వేరే ఎవరికైనా ఇవ్వండి అన్నాను, కుదరదన్నారు. దాతల్ని ఎంచుకునేటప్పుడు పెట్టే షరతులన్నీ సొంతానికి ఇచ్చేవాళ్లకి పెట్టరు కాబట్టి, మిగిలినది మామూలుగా ఇతరులకు వాడరు. ఇంకో టెన్షన్ కూడా ఉంది. నిల్వ కోసం కలిపిన ద్రావణాన్ని బట్టి ఎర్రకణాలు 35 లేదా 42 రోజులే నిల్వ ఉంటాయి. ఈలోపు జ్వరమో దగ్గో వచ్చి ఆపరేషన్ వాయిదా పడితే ఇచ్చిందంతా వృథా.

సొంత రక్తమైతే ఏ ప్రమాదమూ లేదనుకోకండి. వేరేవాళ్ల నుంచి హెచ్ఐవి, హెపటైటిస్ వస్తాయన్న భయం ఉండదు, నిజమే. 1980ల్లో ఈ పద్ధతికి గిరాకీ పెరిగింది ఆ భయంతోనే. దాతల రక్తానికి చేసే పరీక్షలు మెరుగుపడ్డాక క్రమంగా తగ్గిపోయింది. కానీ సంచులు తారుమారవడం, సంచిలో బాక్టీరియా పెరగడం, ద్రవం ఎక్కువై గుండె మీద భారం పడడం సొంత రక్తంతోనూ జరగొచ్చు. అందుకే నాకు ఎక్కించే ముందు కూడా ఇద్దరు నర్సులు లేబుల్ చదివి, నా పేరు నా చేతే చెప్పించారు.

దాచుకోవడం నిజంగా అవసరమయ్యేది, సరిపడే రక్తం దొరకడం కష్టమైనవాళ్లకి. చాలా అరుదైన బాంబే గ్రూప్ వాళ్లనే తీసుకోండి. వాళ్లకి O గ్రూప్ రక్తం కూడా పడదు, బాంబే గ్రూప్ వాళ్లే ఇవ్వాలి. గతంలో చాలాసార్లు రక్తం ఎక్కించుకుని వేరేవాళ్ల రక్తాన్ని ఎదిరించే రకరకాల యాంటీబాడీలు తయారైనవాళ్లదీ ఇంచుమించు అదే పరిస్థితి. మీ నాన్నగారిది మామూలు గ్రూపై, దాత రక్తం పడుతుందో లేదో చూసే క్రాస్ మ్యాచ్ పరీక్షలో ఇబ్బంది లేకపోతే నేనైతే వద్దనే అంటాను. గుండె కవాటం బాగా సన్నబడినా, ఛాతీ నొప్పి అదుపులో లేకపోయినా, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా అసలు తీయరు.

నెలే ఉందంటున్నారు కాబట్టి ముందు ఆయన హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్షలు చేయించండి. తక్కువుంటే కారణం కనుక్కుని సరిచేయడానికి ఇంకా టైముంది. మాత్రలు పడకపోతే నరానికి ఐరన్ ఎక్కిస్తారు. రిపోర్టు పట్టుకెళ్లి సర్జన్‌ని రెండు విషయాలు అడగండి: రక్తస్రావం తగ్గించే ట్రానెక్జామిక్ యాసిడ్ ఇస్తారా, ఆపరేషన్‌లో కారిన రక్తాన్ని కడిగి తిరిగి ఎక్కించే సెల్ సేవర్ మెషిన్ అక్కడ ఉందా. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఆ సంగతి కూడా అప్పుడే చెప్పండి, వాటిని మీ అంతట మీరే ఆపేయకండి.