నల్ల ఇసుక డిటెక్టరులో శబ్దం రాకపోవడం: సమాధానం

స్ఫటికంతో పనిచేసే రేడియోలో (క్రిస్టల్ రేడియో) సంకేతాన్ని వినగలిగేలా మార్చే భాగమైన డిటెక్టరు కోసం, అంతర్వేది ఒడ్డున ఏరిన నల్ల ఇసుక రేణువులను జిగురుతో రేకుకు అతికించి, వాటిపై పిన్నీసు మొనను గట్టిగా నొక్కిపెట్టానని రాశారు. హెడ్‌ఫోనులో ఏమీ వినిపించకపోవడానికి కారణం బహుశా అదే. జిగురు విద్యుత్తును పోనివ్వదు, పైగా ఇల్మనైటు (ఇనుము, టైటానియం ఉన్న ఖనిజం) ఎక్కువగా ఉండే ఆ రేణువులు ఈ పనికి అంతగా ఒదగవు.

ఈ పనికి ఒదిగేది గలీనా స్ఫటికం. మన గోదావరి డెల్టా అంతా ఒండ్రుమట్టి కనుక అది ఇక్కడ దొరకదు. ఆ సీసపు ఖనిజం పల్నాడులోని అగ్నిగుండాల ప్రాంతంలో ఉంది. 1901లో జగదీశ్ చంద్ర బోసు పేటెంటు కోరినది దీనితో చేసిన డిటెక్టరుకే.

1. గలీనా ముక్కను పగలగొట్టి, అద్దంలా మెరిసే కొత్త ముఖాన్ని పైకి ఉంచండి. వేలితో తాకవద్దు, చెమట జిడ్డు చాలు, పని చెడడానికి.

2. అడుగుభాగాన్ని సన్నని రాగిరేకుతో బిగించండి. మామూలు టంకం వేడికి స్ఫటికం మందగించవచ్చు.

3. చాలామంది వదిలేసేది ఇదే: పిన్నీసు తీసేసి, వెంట్రుకంత సన్నని ఇత్తడి తీగను స్ప్రింగులా చుట్టి, దాని మొన ముఖాన్ని కేవలం తాకేంత తేలికగా ఆనించండి. అన్ని చోట్లా పనిచేయదు కనుక, ఓపికగా ఒక్కో బిందువుకూ జరుపుతూ, 20, 30 చోట్ల వెతకాలి.

4. పరీక్షకు 1.5 వోల్టుల బ్యాటరీ, 10 కిలోఓముల రెసిస్టరు, 2,000 ఓముల హెడ్‌ఫోను, స్ఫటికం వరుసగా కలపండి. బ్యాటరీ తిప్పి కలిపినప్పుడు 'టక్' చప్పుడు బాగా తగ్గితే, ఆ బిందువు మంచిది.