బుచ్చమ్మ సంగతి సరే, మీ చెల్లి సంగతేంటమ్మా

సంక్రాంతికి పుట్టింటికెళ్తే భోజనాల దగ్గర గురజాడ నాటకం కన్యాశుల్కం మీద మాటామాటా పెరిగింది, అప్పట్నుంచి నాన్న ఫోన్ ఎత్తట్లేదు అని రాశారు. ఆయన రిటైరైన తెలుగు లెక్చరర్, అందులో విధవపిల్ల బుచ్చమ్మ ఒట్టి తెలివితక్కువది, ఆ మాయమాటల గిరీశం కబుర్లు నమ్మి లేచిపోయింది అంటారు. మీరేమో కాదు, అది ఆమె తన బతుకు కోసం తీసుకున్న మొదటి నిర్ణయం అన్నారు. ఎవరు కరెక్టో తేల్చమన్నారు.

ఇద్దరూ కాదమ్మా. ఆ ఘట్టం మళ్ళీ చదవండి. గిరీశం ఎంత తియ్యగా మాట్లాడినా బుచ్చమ్మ ఊగుతూనే ఉంటుంది, మీరు నాతో వస్తే సుబ్బి పెళ్ళి తప్పుతుంది అన్న మాట దగ్గరే కదా ఆమె మనసు తిరిగింది. సుబ్బి బుచ్చమ్మ చెల్లెలు, చిన్నపిల్ల, పద్దెనిమిది వందల రూపాయలకి ముసలి లుబ్ధావధాన్లుకి కుదిర్చారు, తల్లి వెంకమ్మ నూతిలో దూకినా తండ్రి అగ్నిహోత్రావధాన్లు వెనక్కి తగ్గలేదు. ఆ అమ్మకం ఎలా ఉంటుందో బుచ్చమ్మకి ఇంకొకరు చెప్పక్కర్లేదు, తను అలాగే ముసలాడికిచ్చి చేస్తే విధవై పుట్టింట్లో కూర్చుంది. ఇది కథ కోసం కల్పించింది కూడా కాదు, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో ఇలా డబ్బు తీసుకుని పిల్లనిచ్చిన శుల్కం పెళ్ళిళ్ళు 1034 లెక్కతేలాయని గురజాడ 1897లో ముందుమాటలోనే రాశారు, వాటిలో ఏడాది నిండిన పసిపిల్లలవి కూడా ఉన్నాయి, నాకు ఆ లెక్క చదివిన ప్రతిసారీ కడుపులో దేవినట్టుంటుంది. అందుకే నాకు బుచ్చమ్మ అంటే గౌరవం. గిరీశం ఎలాంటివాడో ఆమెకి తెలీదు, ఒప్పుకుంటా, కానీ గడప దాటింది మాత్రం చెల్లి కోసం.

ఇప్పుడు మీ ఉత్తరం. మూడు పేజీలు రాశారు. మీరు తొమ్మిదేళ్ళ కింద వేరే కులం అబ్బాయిని చేసుకుని వచ్చేశారు, మంచివాడు, సుఖంగా ఉన్నారు, సంతోషం, దాంట్లో తప్పేం లేదు. కానీ చెల్లి గురించి ఎంత రాశారో చూసుకున్నారా? ఒక్క లైను. "ఆ నెలలోనే చెల్లికి కుదిరిన సంబంధం తప్పిపోయింది, ఇప్పుడు అమ్మానాన్నల దగ్గరే ఉంటోంది, నాతో పెద్దగా మాట్లాడదు." అంతే. నాన్నకి ఇన్సులిన్ వేసేది ఎవరు? అమ్మ మోకాళ్ళ ఆపరేషన్ అప్పుడు సెలవు పెట్టింది ఎవరు? మీరే ఎక్కడో మధ్యలో రాశారు, తనేనని.

పెళ్ళి తప్పడం మీ తప్పని నేననను, కూతురు నచ్చినవాణ్ణి చేసుకుందని రెండో పిల్లని వద్దనుకున్న వాళ్ళది ఆ తప్పు. కానీ తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని నీకేం కావాలే అని అడగలేదు చూడండి, అది మాత్రం మీదే. అక్కగా పుట్టినందుకు అంతైనా చెయ్యాలి, ఈ విషయంలో నేను తగ్గను.

నాన్నకి ఇప్పుడు ఫోన్ చెయ్యకండి. ఆయన తిట్టింది బుచ్చమ్మని కాదని మీకూ తెలుసు, ఆ సంగతి తర్వాత. ముందు పండగా పబ్బమూ లేని ఒక ఆదివారం చూసుకుని మీ ఆయన్నీ పిల్లల్నీ ఇంట్లో ఉంచి ఒక్కరే వెళ్ళండి, చెల్లిని బయటికి తీసుకెళ్ళండి, మీ కథ ఏదీ చెప్పకుండా తను చెప్పేది వినండి. కోప్పడితే పడనివ్వండి. వారం పది రోజులు నాన్న పని నేను చూసుకుంటా, నువ్వు ఎక్కడికైనా వెళ్ళిరా అని చెప్పండి, చెప్పి నిజంగానే ఉండండి.