గిటారు గోలకి రాగి టేపా, నల్ల పెయింటా?

చిరంజీవి లహరికి, మామయ్య ఆశీస్సులు.

ఎలక్ట్రిక్ గిటారు నుంచి యాంప్‌లో వినిపించే గోల తగ్గడానికి లోపలి గుంతల్లో షీల్డింగుగా, అంటే బయటి గోలని అడ్డుకునే తొడుగుగా, రాగి టేపు వెయ్యాలా, కరెంటు పారే నల్ల పెయింటు పూయాలా అని అడిగావు. కొనేముందు ఒక పరీక్ష చెయ్యమ్మా. యాంప్ ఆన్ చేసి, గిటారు పట్టుకుని నిలబడ్డచోటే మెల్లగా చుట్టూ తిరుగు. ఒక దిక్కున తగ్గి ఇంకో దిక్కున పెరిగే లావుపాటి హమ్ అయితే, అది ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రం నుంచి సింగిల్ కాయిల్ పికప్‌లోకి (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే, ఒకే తీగచుట్ట ఉన్న భాగంలోకి) చేరే 50 హెర్ట్జ్ మోత. దాన్ని ఈ టేపూ పెయింటూ ఆపలేవు, రెండు కాయిళ్లతో హమ్‌ని రద్దుచేసే హంబకర్ లాంటి పికప్ కావాల్సిందే. సన్నగా జివ్వుమంటూ, తీగల మీద చెయ్యి వెయ్యగానే తగ్గేదే షీల్డింగుకి లొంగుతుంది. ఫ్యాన్ రెగ్యులేటర్లు, డిమ్మర్లు, ఎల్‌ఈడీ లైట్ల నుంచి వచ్చేది అదే. చెయ్యి వేస్తే పెరిగిందా, జాక్ దగ్గర రెండు వైర్లూ తారుమారయ్యాయేమో చూడు.

సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. గోల తగ్గుతుందని ఎవరు చెప్పినా ఎర్త్ పిన్ మాత్రం తీసెయ్యకు. తీగలు యాంప్ ఎర్త్‌కే కలిసి ఉంటాయి, లోపల ఏదైనా తేడా వస్తే ప్రాణం మీదికి వస్తుంది.

నా మాట అడిగితే రాగి టేపే. ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ వీధికి వెళ్లేటప్పుడు మల్టీమీటరు తీసుకెళ్లు. స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్) రకం గిటారుకి 50 మిల్లీమీటర్ల వెడల్పుది 5 మీటర్లు చాలు. రెండు ముక్కలు ఒకదాని అంచు మీద ఇంకొకటి అంటించి, మీటరు ముల్లు అటొకటి ఇటొకటి పెట్టి కొట్లోనే కొలువు. ఒక ఓమ్ లోపు చూపిస్తే జిగురు కూడా కరెంటు పారేదే. చూపించకపోతే ప్రతి అతుకు మీదా సోల్డర్ చుక్క పెట్టాలి. మద్రాసు ఉక్కకి జిగురు వదిలేస్తుంది కాబట్టి ఎలాగూ పెట్టడమే మేలు. వంటింటి అల్యూమినియం రేకు చవకే గానీ, మామూలు సోల్డర్ దానికి పట్టదు. పైన ఆక్సైడ్ పొర ఉండటంతో అతుకుల దగ్గర కనెక్షన్ నమ్మలేం. పెయింటు వంపుల్లోకి బాగా వెళ్తుంది, కానీ రెండు మూడు పూతలు కావాలి. పెయింటుకి కలిపే వైరుని రింగు టెర్మినల్‌తో (వైరు చివర ఉండే లోహపు రింగుతో) చెక్కకి స్క్రూ వేసి బిగించాలి.

విప్పేముందు వైరింగ్ ఫొటో తీసుకో. లోపలి గుంతల్లో దుమ్ము తుడిచి, టేపుని ముందు అడుగున, తర్వాత గోడలకి అంటించు. అతుకు దగ్గర 6 మిల్లీమీటర్లు ఒకదాని మీదికి ఒకటి రావాలి. గోడల రేకుని పై అంచు మీదికి కాస్త మడిస్తేనే పిక్‌గార్డ్ (ముందరి ప్లాస్టిక్ పలక) వెనక అంటించిన రేకుకి తగులుతుంది. స్పూను వెనకవైపుతో రుద్ది అణచు, వేలితో రుద్దితే రేకు కోసేస్తుంది. చివరగా రేకు నుంచి ఒక వైరు వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ తిప్పే భాగం) వీపుకి సోల్డర్ చెయ్యి. పికప్ కాయిళ్లకి మాత్రం రేకు బిగించి చుట్టకు, ట్రెబుల్ (సన్నటి స్వరాల మెరుపు) మందగిస్తుంది.

ఎక్కువమంది దెబ్బతినేది కేబుల్ పెట్టే జాక్ దగ్గర. ప్లగ్ పెట్టగానే లోపలి స్ప్రింగు నాలుక బయటికి వంగి గోడ రేకుని తాకుతుంది, గిటారు పూర్తిగా మూగబోతుంది. ప్లగ్ పెట్టి ఉంచే చూసి, ఆ నాలుక ఎదురుగా, స్విచ్ పక్కన కూడా ఇన్సులేషన్ టేపు వెయ్యి.

బిగించాక గిటారుకి కేబుల్ పెట్టి, వాల్యూమ్ నిండా తిప్పి, కేబుల్ రెండో కొసన ఉన్న ప్లగ్ మొనకీ, దాని లోహపు ఒంటికీ మధ్య కొలువు. సింగిల్ కాయిల్‌కి ఇంచుమించు 6 వేల ఓమ్‌లు రావాలి. సున్నా వస్తే ఎక్కడో సిగ్నల్ వైరు రేకుకి తగులుతోంది. తీగలు ఎక్కించకముందే మళ్లీ విప్పి చూడు.

మామయ్య