జముకుల పాటను మిక్స్ చేస్తున్న మేనల్లుడికి

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

జముకు వాయిస్తూ కథ చెప్పే జముకుల పాటకు నీవు చేసి పాలకొండ నుంచి పంపిన మిక్స్‌నూ (అన్ని శబ్దాలనూ కలిపిన రూపాన్నీ), దాని విడి ట్రాకులనూ (ఒక్కో మైకులో విడిగా పట్టిన శబ్దాలనూ) శ్రద్ధగా విన్నాను. మిక్సింగ్‌లో పై స్థాయి మెలకువలు నేర్చుకోవాలని ఉందనీ, అందుకు ఏ ప్లగిన్లు (శబ్దాన్ని మలిచే చిన్న సాఫ్ట్‌వేర్లు) కొనాలో చెప్పమనీ రాశావు. ప్రస్తుతానికి ఏదీ కొనవద్దు. నీ రికార్డింగు సాఫ్ట్‌వేర్ రీపర్‌తో పాటే వచ్చిన ఈక్యూ (ఎంచుకున్న స్వరస్థాయిలను పెంచే, తగ్గించే సాధనం), కంప్రెసర్ (పెద్ద శబ్దాలను అణచే సాధనం) ఈ పనికి చాలును. అమ్మకానికి వచ్చే ప్లగిన్లలో ముందుగా అమర్చి ఇచ్చే ప్రీసెట్లు ఎక్కువగా డ్రమ్ కిట్‌నూ బాస్ గిటార్‌నూ దృష్టిలో పెట్టుకొని చేసినవి. తీగను బిగిస్తూ వదులుతూ శ్రుతిని జార్చే జముకుకు గానీ, రొమ్ము మీద వేలాడే రేకు తప్పెటకు గానీ సరిపడే ప్రీసెట్ నాకు ఇంతవరకు కనబడలేదు. కనుక మన ప్రాంతపు పాటను మిక్స్ చేయదలచినవాడు ఏ మీట ఏం చేస్తుందో కారణంతో సహా తెలుసుకోక తప్పదు.

ముందుగా నీ గది సంగతి. విడి ట్రాకులో జముకు అడుగు నాదం నిండుగా ఉంది, మిక్స్‌లో మాత్రం పలచబడింది. 110 హెర్ట్జ్ (సెకనుకు 110 కంపనాలు) దగ్గర నీవు ఈక్యూతో గట్టిగా కోత పెట్టడమే ఇందుకు కారణం. నీ గది పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది కాబట్టి అంత దూరంలో ఉన్న రెండు గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గరా, దానికి రెట్టింపైన 112 దగ్గరా ధ్వని నిలబడి మోగుతుంది. పొడవూ వెడల్పూ సమానం కావడంతో ఆ మోత రెండింతలవుతుంది. ఆ మోతను పాటలోని లోపంగా భావించి నీవు కోసివేశావు. గోడలకు గుడ్ల అట్టలు అంటిస్తే ఇది పోదు, అవి పై స్థాయి శబ్దాలను మాత్రమే కొంత పీలుస్తాయి. మూలల్లో కనీసం నాలుగైదు అంగుళాల మందం గల గ్లాస్‌వూల్ దిమ్మెలు నిలబెట్టు, కుర్చీని గది నడిమధ్య నుంచి జరుపు, అడుగు నాదాల విషయంలో మంచి హెడ్‌ఫోన్లతో సరిచూసుకోకుండా నిర్ణయం తీసుకోకు. వినే స్థాయిని కూడా రోజూ ఒకే చోట ఉంచు. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి అడుగు నాదాలు మరింత తక్కువగా వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు; ఒక పూట చిన్నగా, ఒక పూట పెద్దగా పెట్టి చేసిన మిక్స్ నిలకడగా ఉండదు.

రెండవది ఫేజ్, అంటే ఒకే శబ్దం రెండు మైకులను వేర్వేరు క్షణాల్లో చేరినప్పుడు దాని అలల మధ్య వచ్చే తేడా. గాయకుడి మైకులోకి జముకు కూడా ప్రవేశించింది, అది సహజమే. కానీ జముకు శబ్దం తన మైకును చేరిన తరువాత మరో 34 సెంటీమీటర్లు ప్రయాణించి గాయకుడి మైకును చేరితే ఒక మిల్లీసెకను ఆలస్యమవుతుంది, ఆ రెండు ట్రాకులనూ సమానంగా కలిపినప్పుడు 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర శబ్దం తనను తానే రద్దు చేసుకుంటుంది. నీ జముకు డొల్లగా వినబడడానికి కారణం ఇదేనని నా నమ్మకం. ఈక్యూ దీనిని బాగుచేయలేదు. మిక్స్‌ను మోనోలో (కుడి ఎడమలు ఒకటిగా కలిపి) పెట్టి, ఒక ట్రాకు పోలారిటీని తిప్పి (అలను తలకిందులు చేసి), ఎటు ఉంచితే నాదం నిండుగా వస్తుందో విను. ఈసారి రికార్డింగులో వాద్యానికీ దాని మైకుకూ ఉన్న దూరానికి కనీసం మూడు రెట్ల దూరంలో, ఆ మైకు నుంచి, రెండవ మైకును ఉంచు.

సంక్రాంతికి తప్పెటలు వాయిస్తూ ఆడిపాడే తప్పెటగుళ్ల బృందాన్ని రికార్డు చేయబోతున్నావు కనుక కంప్రెసర్ గురించి వివరంగా రాస్తున్నాను. తప్పెట దెబ్బకు ప్రాణం చేయి రేకును తాకిన మొదటి కొన్ని మిల్లీసెకన్లలోనే ఉంటుంది. అటాక్‌ను (కంప్రెసర్ పని మొదలుపెట్టడానికి పట్టే సమయాన్ని) ఒక మిల్లీసెకనుకు పెడితే కంప్రెసర్ ఆ తాకిడినే అణచివేస్తుంది, మిగిలేది ముద్దశబ్దం. 20 నుంచి 30 మిల్లీసెకన్ల మధ్య ప్రారంభించి, దెబ్బ తెగువ చెడనంత వరకే తగ్గించు. రిలీజ్ (కంప్రెసర్ పట్టు విడవడానికి పట్టే సమయం) విషయంలో నడకను లెక్కించాలి: నిమిషానికి 120 దెబ్బలు పడుతుంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య అర సెకను ఉంటుంది, ఆ లోపల కంప్రెసర్ పూర్తిగా విడవకపోతే తరువాతి దెబ్బ అణగిపోయే పుడుతుంది. నడక పెరిగినప్పుడు రిలీజ్ కూడా మారాలి. రేషియో (ఎంత గట్టిగా అణచాలో చెప్పే నిష్పత్తి) నాలుగుకు ఒకటి, తగ్గింపు మూడు నాలుగు డెసిబెల్స్ (శబ్దస్థాయి కొలమానం) దాటకుండా చూసుకో. నడుముకు కట్టిన గజ్జెలు వేరు జాతి శబ్దం. వాటిని తప్పెటతో కలిపి ఒకే కంప్రెసర్‌లోకి పంపితే ప్రతి దెబ్బకూ గజ్జెల మోత కుంగుతూ లేస్తూ అలసట పుట్టిస్తుంది.

ఇక్కడే ఒక నియమం పెట్టుకో. ఏ ప్లగిన్‌నైనా ఆపి, పెట్టి పోల్చేటప్పుడు రెండు సందర్భాలలోనూ శబ్దస్థాయి సమానంగా ఉండాలి. కాస్త పెద్దగా వినబడినదే బాగున్నట్లు చెవి భ్రమపడుతుంది, ఆ భ్రమలోనే అనవసరమైన ప్లగిన్లన్నీ ట్రాకు మీద పేరుకుంటాయి.

గొంతు విషయానికి వస్తే, కంప్రెసర్ కంటే ముందు ఫేడర్‌తో (ట్రాకు శబ్దాన్ని పెంచే, తగ్గించే మీటతో) మాటమాటనూ సరిదిద్దు. మన పదాలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, ఊపిరి తగ్గే చోట గాయకుడి చివరి అచ్చు జారిపోతుంది. అక్కడ రెండు డెసిబెల్స్ లేపితే కథ వినేవాడికి మాట దక్కుతుంది. జముకుల పాటలో కథ అర్థం కాకపోతే తక్కిన సొగసంతా వృథా. గొంతుకు చోటు కావాలంటే గొంతును పెంచే ముందు జముకును 200 నుంచి 300 హెర్ట్జ్ మధ్య కొద్దిగా తగ్గించి చూడు. రివర్బ్ (గదిలో మోగినట్లు చేర్చే ప్రతిధ్వని) సగానికి తగ్గించు, ఈ పాట పుట్టింది ఆరుబయట.

తుది స్థాయిని గురించి అంతగా ఆందోళన పడనక్కరలేదు. యూట్యూబ్ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే మొత్తం బిగ్గరతనపు కొలత) కంటే బిగ్గరగా ఉన్నవాటిని తానే తగ్గిస్తుంది. లిమిటర్‌తో (శబ్దం ఒక హద్దు దాటకుండా అణచే సాధనంతో) నలిపి సాధించేది ఏమీ ఉండదు. ట్రూ పీక్ (శబ్దపు అలలోని అసలైన శిఖరం) మైనస్ ఒక డెసిబెల్ దాటనివ్వకు.

చెవికి శిక్షణ కూడా కావాలి. వీలైనప్పుడు ఇక్కడికి వచ్చి, 1919లో ఆరంభమై, వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు బోధించిన మన సంగీత కళాశాలలో కచేరీ ఉన్న రోజు ముందు వరుసలో కూర్చో. వయొలిన్ కమాను తీగను పట్టిన క్షణం, మృదంగపు రెండు వైపుల తేడా, గది ఎంతసేపు బదులు పలుకుతుందో గమనించు. స్పీకర్ల నుంచి మాత్రమే సంగీతం విన్న చెవికి ఏది సహజమో తేల్చుకునే ఆధారం ఉండదు.

ఇప్పుడు ఇదే పాటను మొదటి నుంచి ఫేడర్లతో మాత్రమే మిక్స్ చేసి పంపు. ఈక్యూ, కంప్రెసర్ ఏదీ ముట్టుకోవద్దు. మోనోలో విన్నప్పుడు నీకు ఏది మారినట్లు తోచిందో దానితో పాటు రాయి.

ఇట్లు,
నీ మేనమామ