కాగితాన్ని మాత్రమే చూసి మార్కులు వేసే పద్ధతికి కాలం చెల్లింది

విద్యార్థులు అసైన్‌మెంట్లన్నీ చాట్‌జీపీటీతో రాయించుకుంటున్నప్పుడు వాటికి మార్కులు వేయడంలో అర్థం ఉందా, యంత్రం రాసినదాన్ని పట్టుకునే సాఫ్ట్‌వేర్లను నమ్మవచ్చా అని మీరు అడిగారు. డిగ్రీ, పీజీ విద్యార్థులకు గణాంకశాస్త్రం చెప్పే అధ్యాపకుడిగా నా అభిప్రాయం ఇది: ఇంట్లో రాసి తెచ్చిన కాగితాన్ని మాత్రమే చూసి మార్కులు వేయడం ఇక కుదరదు. ఆ పద్ధతిని ఎలాగైనా నిలబెట్టాలని డిటెక్టర్లను ఆశ్రయించడం అంతకంటే పెద్ద తప్పు.

చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న విడుదలైంది. రెండు నెలలకే, దాన్ని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థ యంత్రపు రాతను గుర్తించే పరికరాన్ని కూడా తెచ్చింది. సంస్థ స్వయంగా ప్రకటించిన లెక్క ప్రకారమే అది యంత్రపు రాతల్లో 26 శాతాన్ని మాత్రమే పట్టుకోగలిగింది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని యంత్రానివిగా పొరబడింది. కచ్చితత్వం తక్కువగా ఉందంటూ 2023 జులైలో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిష్ మాతృభాష కానివారు రాసిన టోఫెల్ (ఇంగ్లిష్ పరిజ్ఞానాన్ని కొలిచే పరీక్ష) వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చి చూస్తే, సగటున సగానికి పైగా వ్యాసాలు యంత్రం రాసినవన్న ఫలితం వచ్చింది. ఇందులో వింతేమీ లేదు. తర్వాత రాబోయే పదాన్ని ఎంత సులువుగా ఊహించవచ్చు అన్నదే ఇలాంటి పరికరాలు ప్రధానంగా చూసే కొలమానం. పరాయి భాషలో ఆచితూచి, తెలిసిన కొద్ది పదాలతో రాసేవారి వాక్యాలు సహజంగానే ఊహకు అందేలా ఉంటాయి కనుక, శిక్ష ముందుగా వారికే పడుతుంది.

ఇది నా కళ్లెదుటే జరిగింది. రిగ్రెషన్ (ఒక విలువను బట్టి మరొకటి ఎలా మారుతుందో చుక్కల మధ్య గీత గీసి చూసే పద్ధతి) మీద ఒక విద్యార్థిని సమర్పించిన ప్రాజెక్టు నివేదికలో చాలా భాగం యంత్రం రాసిందేనని సాఫ్ట్‌వేర్ ఎర్ర రంగు పూసింది. సున్నా మార్కులు వేయాలని విభాగంలో కొందరు పట్టుబట్టారు. ముందు ఆ అమ్మాయిని పిలిచి మాట్లాడదామని నేను అన్నాను. నివేదిక మూసిపెట్టి, అందులోని గ్రాఫును మాత్రం బల్ల మీద పరిచాను. చుక్కలన్నీ ఎడమ వైపు గుంపుగా ఉన్నాయి, ఒకే ఒక్క చుక్క కుడి అంచున, పైన ఒంటరిగా ఉంది. “ఈ చుక్కను తీసేస్తే గీత ఏమవుతుందమ్మా?” అని అడిగాను. ఆమె పెన్సిల్ తీసుకుని, వాలు బాగా తగ్గిన మరో గీత గీసి, “గీతను పైకి లాగుతున్నది ఇదొక్కటే సార్. నమోదులో పొరపాటు జరిగిందేమోనని ఆ సమాధానం ఇచ్చిన వారిని మళ్లీ అడిగాను. విలువ సరైనదే. అందుకని తీసేయలేక, రెండు ఫలితాలూ ఇచ్చాను” అంది. గుంపుకు దూరంగా ఉన్న చుక్కకు గీతను తిప్పే బలం ఎక్కువన్న విషయం పాఠ్యపుస్తకంలో ఉంటుంది, యంత్రమూ చెబుతుంది. కానీ సమాధానం ఇచ్చిన మనిషి దగ్గరికి మళ్లీ వెళ్లి సరిచూసుకోవడం ఆమె చేసిన పని. నా దృష్టిలో మార్కులు పడవలసింది దానికే. అదే వారం, సాఫ్ట్‌వేర్ ఏ అనుమానమూ వ్యక్తం చేయని మరో నివేదిక తెచ్చిన విద్యార్థి, తన పట్టికలోనే ఉన్న పి-విలువకు (నిజంగా ఏ సంబంధమూ లేకపోయినా ఇలాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం ఎంతో చెప్పే సంఖ్య) అర్థం చెప్పలేకపోయాడు.

కొందరు అధ్యాపకులు ప్రశ్నలో కంటికి కనపడని తెల్ల అక్షరాలతో ఏదో అసంబద్ధమైన సూచన ఇరికించి, ప్రశ్నను యథాతథంగా యంత్రానికి అప్పగించినవారు దొరికిపోయేలా వల పన్నుతున్నారు. ఇది నాకు ఏమాత్రం నచ్చని పని. చూపు లేని విద్యార్థి వాడే స్క్రీన్ రీడర్ ఆ తెల్ల అక్షరాలను కూడా చదివి వినిపిస్తుందని వారికి తట్టదు. ఏళ్ల తరబడి అవే ప్రశ్నలు తిప్పి తిప్పి ఇస్తూ, దిద్దేటప్పుడు వ్యాఖ్యలు మాత్రం చాట్‌బాట్‌తో రాయిస్తూ, విద్యార్థులకు నిజాయితీ బోధించేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

అయితే యంత్రాన్ని తరగతి నుంచి వెలివేయాలని నేను అనను. టర్కీలో ఉన్నత పాఠశాల విద్యార్థులపై జరిగిన ఒక గణిత ప్రయోగంలో, మామూలు చాట్‌బాట్ సాయంతో సాధన చేసినవారు ఆ సమయంలో 48 శాతం మెరుగ్గా చేశారు కానీ, దాన్ని తీసేసి పరీక్ష పెట్టినప్పుడు అసలు వాడనివారికంటే 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా మలిచిన చాట్‌బాట్‌తో ఈ నష్టం చాలా వరకు తప్పింది. కాలేజీలోనూ ఇంతేనని నా నమ్మకం. జవాబు చేతికి అందించే పరికరం చదువును తినేస్తుంది, ఎదురు ప్రశ్న వేసే పరికరం చదివిస్తుంది.

మళ్లీ మూడు గంటల రాత పరీక్ష ఒక్కదానికే పరిమితం కావాలనే వారితోనూ నేను ఏకీభవించను. అలాంటి పరీక్షలో చేతిరాత వేగం, జ్ఞాపకశక్తి తెలుస్తాయే తప్ప, ఒక సమాచారాన్ని ముందు పెట్టుకుని రోజుల తరబడి ఆలోచించే ఓపిక తెలియదు. సిడ్నీ విశ్వవిద్యాలయం మూల్యాంకనాన్ని రెండు దారులుగా విడదీసింది: ఒక దారిలో పర్యవేక్షణలో జరిగే పరీక్షలు, మరో దారిలో ఏఐ వాడకానికి అడ్డు లేని పనులు. నాకు తెలిసిన ఏర్పాట్లలో ఇదే తెలివైనది.

రెండో దారిలోని పనికి వైవా (మౌఖిక పరీక్ష) తప్పనిసరిగా జోడించాలన్నది నా వాదన. అంత సమయం ఎక్కడ ఉందని తోటి అధ్యాపకులు అడుగుతారు. అరవై మందికి తలా పది నిమిషాలంటే పది గంటలు. సెమిస్టరుకు నాలుగైదు అసైన్‌మెంట్లు ఇచ్చి, ఎవరు రాశారో తెలియని కాగితాలను రాత్రుళ్లు దిద్దే బదులు, ఒక్కటే ఇచ్చి ఆ పది గంటలు విద్యార్థుల ఎదురుగా కూర్చోవచ్చు. మాట్లాడటానికి బెదిరేవారికి కాగితం ఇచ్చి, అక్కడే రాసి చూపమనవచ్చు. నేను ఇచ్చే ప్రాజెక్టుల్లో ఇప్పుడు యంత్రాన్ని వాడుకోవచ్చు. అయితే అది ఇచ్చిన సలహాల్లో దేన్ని తిరస్కరించారో, ఎందుకు తిరస్కరించారో చివర ఒక పేజీ రాయాలి. వైవాలో నా మొదటి ప్రశ్న ఆ పేజీ నుంచే వస్తుంది.