‘మిలిటరీ క్రాస్ మరియు బార్’: బార్ వేరే పతకమా?

సందేహం: ఆల్బర్ట్ జాకా అనే ఆస్ట్రేలియా సైనికుడి మీద వ్యాసం రాస్తున్నాను. ‘ఈ పదాతి సైనికుడు విక్టోరియా క్రాస్, మిలిటరీ క్రాస్ మరియు బార్ పథకాలు గెలుచుకున్నాడు’ అని రాస్తే, ‘బార్’ అంటే ఏమిటని మా అబ్బాయి అడిగాడు. దాన్ని తెలుగులో ఏమనాలి? ‘పదాతి సైనికుడు’ అనడం పునరుక్తి అవుతుందా?

సమాధానం: మీ అబ్బాయి అడగవలసినదే అడిగాడు. బార్ అనేది విడిగా ఇచ్చే పతకం కాదు. మిలిటరీ క్రాస్ అనే బ్రిటిష్ సాహస పతకాన్ని ఒకసారి పొందినవారు మళ్లీ అంతటి సాహసం చూపితే, రెండో క్రాస్ ఇవ్వకుండా, మొదటి పతకం వేలాడే రిబ్బను మీద అడ్డంగా ఒక సన్నని వెండి పట్టీ తొడుగుతారు. దాని నడుమ చిన్న కిరీటం గుర్తు ఉంటుంది. ఆ పట్టీ పేరే బార్. అందువల్ల ‘మరియు’ చేర్చి రాసినప్పుడు మూడు పతకాలు వచ్చాయన్న తప్పుడు అర్థం వస్తుంది. మన సైన్యంలోనూ ఇదే పద్ధతి ఉంది కనుక, గణతంత్ర దినోత్సవం నాటి పత్రికల్లో ‘బార్ టు సేనా మెడల్’ అన్న మాట అనువాదం కాకుండానే అచ్చవుతుంటుంది.

జాకా విషయంలో లెక్క స్పష్టంగానే ఉంది. 1915 మే 19న తుర్కీలోని గల్లిపోలిలో, కోర్ట్‌నీస్ పోస్ట్ అనే చోట, ఏడుగురు తుర్కీ సైనికులు ఆక్రమించిన కందకంలోకి ఆయన ఒంటరిగా దూకి, ఐదుగురిని తుపాకితోనూ ఇద్దరిని బాయ్‌నెట్‌తోనూ చంపినందుకు బ్రిటిష్ సాహస పతకాల్లో అత్యున్నతమైన విక్టోరియా క్రాస్ లభించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా సైన్యానికి దక్కిన మొదటి విక్టోరియా క్రాస్ అదే. 1916 ఆగస్టు 7న ఫ్రాన్స్‌లోని పొజియేర్ వద్ద, జర్మన్లు బందీలుగా పట్టుకున్న సుమారు నలభై మంది తోటివారిని ఏడుగురు మనుషులతో ఎదురుదాడి చేసి విడిపించినందుకు మిలిటరీ క్రాస్ వచ్చింది. 1917 ఏప్రిల్ 8 రాత్రి ఫ్రాన్స్‌లోనే బుల్లెకూర్ అనే ఊరి ముందు, కొద్ది రోజుల్లో దాడికి వెళ్లే దళాలకు దారి చూపే టేపులు నేల మీద పరిపిస్తుండగా ఇద్దరు జర్మన్లు ఎదురుపడ్డారు. వాళ్లు టేపులను చూస్తే గుట్టు బయటపడుతుంది, రివాల్వర్ పేలలేదు, ఆయన మీదపడి వట్టి చేతులతోనే ఇద్దరినీ పట్టుకున్నాడు. బార్ ఇందుకు వచ్చినది. కాబట్టి ‘ఆయనకు విక్టోరియా క్రాస్ ఒకసారి, మిలిటరీ క్రాస్ రెండుసార్లు లభించాయి’ అని రాస్తే, బార్ ప్రసక్తే లేకుండా విషయం పూర్తిగా తెలుస్తుంది. బిరుదులా పేరు పక్కన పెట్టవలసి వస్తే ‘మిలిటరీ క్రాస్ (రెండుసార్లు)’ అంటే చాలు. మన వాక్యానికి ‘మరియు’ ఎప్పుడూ కాస్త బరువే అనుకోండి, ఇక్కడ మాత్రం అది అర్థాన్నే చెడగొట్టింది.

‘గెలుచుకున్నాడు’ అన్నది పోటీల భాష. ఎవరితోనూ పోటీపడి తెచ్చుకున్నది కాదు గనుక ‘పొందాడు’, ‘లభించింది’ అనడం మేలు.

ఇక పదాతి. ఈ సంస్కృత పదానికే కాలినడకన పోయే భటుడని అర్థం. రథ, గజ, తురగ, పదాతులు అన్నప్పుడు మనం వాడేది ఆ అర్థంలోనే. కాబట్టి ‘పదాతి సైనికుడు’ పునరుక్తే, అయితే చెవికి పట్టేసిన పునరుక్తి కనుక నేను దాన్ని పెద్ద తప్పుగా ఎంచను. ‘పదాతిదళ సైనికుడు’ అంటే ఏ చిక్కూ ఉండదు. అచ్చతెలుగులో సేనకు కాల్బలం, మనిషికి కాలిబంటు అన్న చక్కని మాటలు ఉన్నాయి గానీ, పధ్నాలుగో బెటాలియన్‌లో కెప్టెన్ దాకా ఎదిగిన జాకాను కాలిబంటు అంటే పాఠకుడికి చదరంగం బల్ల గుర్తుకొస్తుంది.

చివరగా, మీ వాక్యంలో ‘పథకాలు’ అని పడింది. మెడలో వేలాడే రాళ్ల నగకు వాడిన పాత మాట పతకం. దానికి ఒత్తు లేదు. పథకం అంటే ప్రణాళిక. బుల్లెకూర్‌లో ఏప్రిల్ 11న ట్యాంకులను నమ్ముకొని చేసిన దాడి పథకం విఫలమైంది, అంతకు మూడు రాత్రుల ముందు చేసిన పనికి జాకాకు పతకం మీద పట్టీ వచ్చింది: ఒత్తు ఎక్కడ ఉండాలో మీ అబ్బాయికి ఈ వాక్యంతో చెప్పవచ్చు.