లప్పం పొడికి వాక్యూమ్ ఫిల్టరు పూడుకుపోతుంటే కడగవచ్చా?

కొత్త ఇంటి గోడలకు లప్పం రుద్దగా లేచిన పొడిని వెట్ అండ్ డ్రై వాక్యూమ్‌తో తీస్తున్నామనీ, పది నిమిషాలకే యంత్రం పీల్చడం మానేస్తోందనీ రాశారు. ఫిల్టరును నీళ్లతో కడగవచ్చా, వారానికి ఎన్నిసార్లు కడగాలి అన్నది మీ ప్రశ్న. ఇప్పుడున్న స్థితిలో మాత్రం కడగకండి. నేను కడిగి చెడగొట్టుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

మాది వంటింటి అరలు, బీరువాలు చేసే చిన్న వడ్రంగం షెడ్డు. ఎనిమిదేళ్లుగా 30 లీటర్ల వాక్యూమ్ రోజూ నడుస్తోంది. అది కొన్న మొదటి ఏడాది, మేము అరలు బిగిస్తున్న ఇంట్లో పెయింటర్లు దాన్ని అడిగి తీసుకుని ఒక పూటంతా లప్పం పొడి పీల్చారు. సాయంత్రం మూత తీస్తే ఫిల్టరు మైదాపిండిలో పొర్లించినట్టుంది. నేను దాన్ని తీసుకెళ్లి కుళాయి కింద పెట్టాను. తెల్లటి నీళ్లు కారుతుంటే మురికంతా పోతోందని సంబరపడ్డాను. పోయింది పైపైనే. మడతల లోతుల్లో ఉన్నది ముద్దయి, మర్నాటికి ఎండి, సున్నపు పెచ్చులా పట్టేసింది. స్క్రూడ్రైవర్ మొనతో గీకితే పెచ్చుతో పాటు కాగితమూ ఊడి వచ్చింది. కొత్త ఫిల్టరు కొనక తప్పలేదు.

ముందు తప్పు ఫిల్టరుదేనా అన్నది తేల్చుకోండి. గొట్టాన్ని డ్రమ్ము దగ్గర ఊడదీసి, యంత్రం ఆన్ చేసి, ఆ రంధ్రానికి అరచెయ్యి అడ్డం పెట్టండి. చెయ్యి గట్టిగా లాగితే ఫిల్టరు బాగానే ఉంది, గొట్టంలో ఏదో ఇరుక్కుంది. గొట్టం ఒక చివర నుంచి గోళీ వేస్తే ఎక్కడ ఆగిందో చప్పుడే చెబుతుంది. అరచేతికి లాగుడు తెలియకపోతే అప్పుడు ఫిల్టరునో, డ్రమ్ము లోపల పొడి పట్టే సంచినో అనుమానించాలి. డ్రమ్ములో నీళ్లు నిండినా పీల్చడం ఆగుతుంది. మోటారు కింద పంజరంలో ఉండే బంతి తేలి దారి మూసేస్తుంది. అది లోపం కాదు, మోటారులోకి నీళ్లు పోకుండా పెట్టిన ఏర్పాటు.

ఫిల్టరే అని తేలితే, పొడిగానే శుభ్రం చేయండి. ఆరుబయటికి తీసుకెళ్లి, ముక్కుకు ఎన్95 మాస్కు పెట్టుకుని, పెద్ద ప్లాస్టిక్ సంచిలో ఫిల్టరు ఉంచి, ప్లాస్టిక్ అంచును సంచి లోపలే చెక్కముక్కకు తట్టండి. మడతలను కొట్టకూడదు, అంచునే తట్టాలి. తరువాత మెత్తటి పెయింటు బ్రష్షుతో మడత వెంబడి పైనుంచి కిందికి దువ్వండి. అడ్డంగా రుద్దితే పొడి ఇంకా లోపలికి పోతుంది. కంప్రెసర్ ఉంటే గాలిని లోపలి వైపు నుంచి బయటికి కొట్టాలి, ఎందుకంటే పొడి పట్టేది బయటి వైపు. నేను గాలి ఒత్తిడిని గేజిలో 2 బార్ దాటనివ్వను, గన్ను మొనను జానెడు దూరంలో ఉంచుతాను. మా షెడ్డులో కొత్తగా చేరిన కుర్రవాడు ఒకసారి ఫుల్లు గాలితో దగ్గర నుంచి కొట్టాడు. ఫిల్టరు కొత్తదానిలా తెల్లగా మెరిసింది. ఆ రోజు నుంచి మోటారు వెనక గాలి వచ్చేచోట సన్నటి పొడి రాలడం మొదలైంది.

అలాంటి చిల్లు మామూలు వెలుతురులో కనబడదు. రాత్రి దీపాలు ఆర్పి, ఫోను టార్చి వెలిగించి ఫిల్టరు లోపల పెట్టి నెమ్మదిగా తిప్పండి. బాగున్న కాగితం అంతటా ఒకేలా మసకగా వెలుగుతుంది. చిల్లు ఉన్నచోట సూదిమొనంత చుక్క మిలమిలలాడుతుంది. ఒక్క చుక్క కనబడినా పారేయండి. టేపు అంటించి వాడవద్దు, ఆ పొడి ముందు మోటారులోకి, అక్కడి నుంచి మీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఫిల్టరు మరీ తెల్లగా కనబడాలని కూడా పట్టుబట్టకండి. పైన పలచటి పొడి పొర ఉన్న ఫిల్టరు, సరికొత్త ఫిల్టరు కంటే సన్నటి ధూళిని బాగా ఆపుతుంది. పీల్చడం తగ్గినప్పుడే దులపండి, వారానికి ఇన్నిసార్లు అని లెక్క పెట్టుకోనక్కర్లేదు.

ఇక కడగడం. మాన్యువల్‌లోనో ఫిల్టరు మీదనో కడగవచ్చని రాసి ఉంటేనే ఆ ఆలోచన చేయాలి. అలాంటివి సాధారణంగా గుడ్డలా ఉండే పాలియెస్టర్‌వి. అవైనా ముందు పొడిగా పూర్తిగా దులిపి, ఆ తరువాత సబ్బు లేకుండా, నెమ్మదిగా పారే నీళ్ల కింద లోపలి నుంచి బయటికి కడగాలి. నీడలో, ఫ్యాను గాలికి కనీసం 24 గంటలు ఆరనివ్వాలి. వానాకాలంలో నేను రెండు రోజులు వదిలేస్తాను. హెయిర్ డ్రయ్యర్ పెడితే అతుకుల జిగురు సడలుతుంది. తడి ఆరకుండా బిగిస్తే మొదటి నిమిషంలోనే పొడి బురదై పట్టుకుంటుంది, తరువాత ముక్కిన వాసన కూడా వస్తుంది. పని ఆగకూడదంటే రెండు ఫిల్టర్లు ఉంచుకోవడమే దారి. నీళ్లు పీల్చేటప్పుడు మాత్రం కాగితం ఫిల్టరు తీసేసి స్పాంజి తొడుగు వేయాలి.

అసలు మీ ఇబ్బందికి మూలం వేరే ఉందని నా అనుమానం. డ్రమ్ము లోపల గొట్టం మూతికి తగిలించే సంచి వేశారా? వేసి ఉంటే పది నిమిషాలకే ఇంతలా పూడుకోదు. చెక్కపొట్టు బరువుగా ఉండి అడుగున పడుతుంది, సంచి లేకపోయినా నడిచిపోతుంది. లప్పం, సిమెంటు, ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసే పలక) పొడి గాలిలో తేలుతూ నేరుగా ఫిల్టరుకే వెళ్లి అంటుకుంటుంది. మీ మోడల్‌కు సరిపోయే, గుడ్డలా ఉండే పొరల సంచి కొనండి. కాగితం సంచి కంటే ఖరీదు ఎక్కువే అయినా ఫిల్టరు ఖర్చు మిగులుతుంది.

ఇల్లంతా రుద్దాల్సి ఉంటే వాక్యూమ్‌కు ముందు సైక్లోన్ ఒకటి పెట్టండి. గాలిని సుడి తిప్పి, పొడిలో ఎక్కువ భాగాన్ని కింది బకెట్టులో పడేసే గరాటు అది. నేను 20 లీటర్ల పెయింటు బకెట్టు మూతకు రంధ్రం చేసి బిగించాను. మొదటి బకెట్టు పలచనిది, గొట్టం మూసుకుపోగానే ఎవరో తన్నినట్టు లోపలికి నొక్కుకుపోయింది. మందంగా ఉన్నది చూసుకోండి.

కొత్త ఫిల్టరు బిగించేటప్పుడు రబ్బరు వాషరు కూర్చునే అంచును తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. అక్కడ ఇసుక రేణువు ఉన్నా సందు మిగిలి పొడి దాటిపోతుంది. వెనక గాలి వచ్చేచోట నల్లగుడ్డ పట్టి రెండు నిమిషాలు నడపండి. గుడ్డ మీద తెల్లటి మరక పడకపోతే సరిగ్గా కూర్చున్నట్టే.